చూసేవాడిని చూడటం: వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ ధారకుని దృశ్యరూప చరిత్ర

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ ధరించిన వ్యక్తి ఏమి చూస్తాడన్న విషయంపై విస్తృత చర్చ జరిగింది. బయటివారికి అతడెలా కనిపిస్తాడన్నది మాత్రం హాస్యానికే పరిమితమైంది.

1838లో చార్లెస్ వీట్‌స్టన్ వివరించిన స్టీరియోస్కోపు బల్లమీది పరికరం. 1861 ప్రాంతంలో ఆలివర్ వెండెల్ హోమ్స్ దానిని చేతిలోకి తెచ్చాడు. చూసేవాడు కావాలనుకున్నప్పుడు దించి పక్కవారిని పలకరించవచ్చు. 1968లో ఇవాన్ సదర్లాండ్ ప్రదర్శించిన శిరోధార్య యంత్రం లోకప్పునుంచి వేలాడే భాగాలతో భయం గొలిపేది. అయినా పాక్షిక పారదర్శకత గల అద్దాల వల్ల ధరించినవాడికి ఎదుటి గది కనిపిస్తూనే ఉండేది. ఆకారపు వికృతి వేరు, చూపు మూసుకుపోవడం వేరు. విమర్శకులు ఈ రెంటినీ తరచు కలిపేశారు.

2015 ఆగస్టు టైమ్ పత్రిక ముఖచిత్రంపై పామర్ లక్కీ హెడ్‌సెట్‌తో, వట్టికాళ్లతో, సముద్రతీరపు నేపథ్యంలో గాలిలోకి లేచాడు. అది వ్యంగ్యానుకరణలకు వస్తువైంది. 2016 ఫిబ్రవరిలో బార్సిలోనాలో తీసిన ఛాయాచిత్రం అంత తేలికగా నవ్వుకు లొంగదు. హెడ్‌సెట్లు ధరించి కూర్చున్న ప్రేక్షకుల పక్కగా మార్క్ జుకర్‌బర్గ్ నవ్వుతూ నడిచిపోతున్నాడు. ఆయనకు వారందరూ కనిపిస్తున్నారు, వారికి ఆయన కనిపించడం లేదు. 1952లో హాలీవుడ్‌లో జె.ఆర్. ఐర్మన్ చిత్రించిన త్రీడీ ప్రేక్షకులు కూడా ఒకే రకం కళ్లద్దాలు ధరించినవారే. అయితే వారి ముందు ఉమ్మడి తెర ఒకటుంది. బార్సిలోనాలో అదీ లేదు.

తయారీదారులూ ఈ లోటును గుర్తించారు. 2024లో విడుదలైన ఆపిల్ విజన్ ప్రో వెలుపలి తెరపై ధరించినవారి కళ్లు కనిపిస్తాయి. ముందుగా నమోదు చేసిన ముఖం ఆధారంగా యంత్రం గీసిన కళ్లవి.