కొలువు నుండి సేవకు: దుమ్ముగూడెం, డోర్నకల్ క్రైస్తవ సేవాచరిత్ర – ఒక పరిశీలన

తెలుగులో 'కొలువు' అనే మాటకు ప్రభువు దగ్గర చేసే ఉద్యోగమని ఒక అర్థం. దైవాన్ని సేవించడమని మరొక అర్థం. భద్రాచల ప్రాంతం ఈ రెండర్థాలూ ఒకదానితో ఒకటి తలపడిన నేల. 17వ శతాబ్దిలో గోల్కొండ ఏలుబడిలో పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, రాజు కొలువుకంటె రాముని కొలువే మిన్న అనుకొని చెరసాల పాలయ్యాడు. రెండు శతాబ్దాల తరువాత, భద్రాచలానికి సుమారు 25 కిలోమీటర్ల ఎగువన ఉన్న దుమ్ముగూడెంలో మరొక ఉద్యోగి క్రీస్తు సేవ కోసం సర్కారు కొలువు వదిలాడు. నిస్వార్థసేవ, విశ్వాసప్రకటన కలిసిన చోట క్రైస్తవులు చెప్పే ఆనందం దేనిమీద ఆధారపడింది? ఆ సేవను నిస్వార్థమనడానికి చరిత్రలో ఆధారమేమిటి? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిష్ వారికి అప్పగించాడు. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలో చేరాయి. కుడిగట్టు నిజాం రాజ్యంలోనే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన ఆర్థర్ కాటన్, గోదావరిని ఎగువదాకా నౌకామార్గంగా మార్చాలని తలపెట్టాడు. నదికి అడ్డుగా ఉన్న రాతి అవరోధాలలో మొదటిది దుమ్ముగూడెం వద్దే ఉంది. అక్కడి పనులు చూసిన ఇంజనీరు కెప్టెన్ ఎఫ్.టి. హేగ్. చుట్టూ ఉన్న కోయపల్లెలను చూసి, చర్చి మిషనరీ సొసైటీ సేవ అక్కడ మొదలు కావడానికి కారకుడైనవాడు ఆయనే. ప్రభుత్వం 1871లో నౌకామార్గం పనులను నిలిపివేసింది. పడవల కోసం తలపెట్టిన పని ఆగిపోయినా, దాని నీడన మొదలైన సేవ మాత్రం సాగింది.

వెంకటరామరాజు

ఆ సేవ సాగడానికి ముఖ్యకారకుడు తెలుగువాడు. పనుల శాఖలో ఉద్యోగి అయిన వెంకటరామరాజు, హేగ్ ద్వారా క్రైస్తవం స్వీకరించాడు. తరువాత ఉద్యోగం వదిలి కోయల మధ్య సువార్త సేవకు పూనుకొని, కాలక్రమాన గురువుగా అభిషేకం పొందాడు. మిషన్ చరిత్రలు దీనిని హేగ్ సాధించిన ఫలితంగా చెబుతాయి. అయితే జరిగినదాన్ని రాజు వైపు నుండి చూస్తే అర్థం మారుతుంది. హేగ్ తన సైనికోద్యోగంలో ఉంటూనే ప్రేరణ ఇవ్వగలిగాడు. స్థిరమైన జీతాన్ని, సర్కారు ఉద్యోగానికున్న గౌరవాన్ని వదులుకున్నవాడు రాజు. త్యాగం బరువు పడింది ఆయన మీద.

జాన్ కెయిన్

1870 దశకంలో దుమ్ముగూడెం వచ్చిన జాన్ కెయిన్ సేవలో మరో పార్శ్వం కనిపిస్తుంది. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1876 నుండి ఇండియన్ ఆంటిక్వెరీలోను, కోయల గురించి 1881లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలోను ఆయన వ్యాసాలు వెలువడ్డాయి. కోయలను గోండుల దక్షిణశాఖగా గుర్తించి, వారి ఆచారాలను, మాటలను నమోదు చేశాడు. బోధించవచ్చినవాడు ముందు శ్రోత కావలసివచ్చింది. అయితే కోయల గొంతు మనకు వినిపించేది కెయిన్ కలం గుండానే అన్న సంగతి మరువరాదు. పోడుపన్ను పెంపుతో రేకపల్లి ప్రాంతం రగులుతుండగా, 1879లో రంపలో మొదలైన తిరుగుబాటు అక్కడికీ పాకింది. పన్ను వేసే దొర, ప్రార్థన చేసే దొర ఒకే రంగులో కనిపించిన కాలమది. మైదానంలోని మాల, మాదిగ పల్లెలలో వలె ఇక్కడి కోయలలో క్రైస్తవం సామూహిక ఉద్యమం కాలేదు. అందువల్ల దుమ్ముగూడెం సేవకుల ఆనందాన్ని సంఖ్యలతో వివరించలేము.

అజరయ్య

ఇదే ప్రశ్న కుడివైపున, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో మరో రూపం ధరించింది. 1903లో ఏర్పడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ తమిళ క్రైస్తవుల కానుకలతో తెలుగు ప్రాంతానికి సేవకులను పంపింది. దాని వ్యవస్థాపకులలో ఒకరైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తానే డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. తరువాత దుమ్ముగూడెం కూడా డోర్నకల్ అధ్యక్షమండలంలో చేరింది.

1910 ఎడింబరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగం ఈ చర్చకు కీలకం. విదేశీ మిషనరీలు ధనం, శ్రమ, ప్రాణం కూడా ఇచ్చారని ఒప్పుకొంటూనే, భారతీయులు కోరేది స్నేహమని ఆయన చెప్పాడు. పైనుండి కిందికి వచ్చే సేవ, ఎంత త్యాగపూరితమైనా, పుచ్చుకునేవాడిని చేయి చాచినవాడిగానే ఉంచుతుంది. డోర్నకల్‌లో అజరయ్య ఈ లోపానికి చూపిన విరుగుడు, పుచ్చుకునేవారిని ఇచ్చేవారిగా మార్చడం. వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు దేవునికి తీసి ఉంచడం, పంట పండుగనాడు ధాన్యం, కోళ్ళు కానుకగా తేవడం, ప్రతి విశ్వాసీ పొరుగువారికి తన విశ్వాసం చెప్పడం అక్కడి సంఘజీవనంలో భాగాలయ్యాయి. ఊరిలో ఇచ్చే స్థానమే లేని దళిత కూలీకి పిడికెడు బియ్యం ఇవ్వగలగడం ఒక కొత్త హోదా. క్రైస్తవ ఆనందానికి సామాజిక రూపం ఇక్కడ కనిపిస్తుంది.

చర్చ

1930 దశకంలో గాంధీ ఈ ఉద్యమాన్ని గట్టిగా విమర్శించాడు. మతమార్పిడి ఉద్దేశంతో చేసే సేవ సేవ కాజాలదన్నది ఆయన వాదన సారం. ఈ విమర్శను తేలికగా కొట్టివేయరాదు. సేవ ఎర అయిన చోట అది పూర్తిగా వర్తిస్తుంది. అయితే పిడికెడు బియ్యం తీసిపెట్టిన కూలీకి ఆ వాదన సరిపోదు. ఆమెకు ఎర వేసే స్తోమత లేదు. తనకు దొరికినది పంచుకోవాలన్న కోరిక తప్ప. ఇతరుల ఎరకు చిక్కినదిగా మాత్రమే ఆమెను చూస్తే, ఆమె వివేచనను మనం కాదన్నట్లవుతుంది.

ముగింపు

నిస్వార్థతకు కొలత సేవకుని మాటలలో దొరకదు. నష్టం ఎవరు భరించారన్న దానిలో దొరుకుతుంది. రాజు జీతం వదిలాడు, కూలీ తన కూటిలో పిడికెడు తగ్గించుకుంది. ఫిలిప్పీయులకు పౌలు రాసిన సంతోషపు లేఖ చెరసాల నుండి వచ్చినదే. ఆ వెలితిలో పుట్టిన ఆనందాన్ని మతాంతరాల లెక్కలతో కొలవడం చరిత్రకారులు మానుకోవాలి. అట్లాగే, దానిని ప్రకటించే సంఘం కూడా ఆ నష్టం ఎవరిమీద పడుతున్నదో ప్రతి తరంలోను తన్ను తాను అడగవలసి ఉంటుంది.