పాత పౌలు దేవాలయపు కిటికీ రాళ్లు

మెదక్ చర్చిలో నిలబడితే మన కళ్లు రంగు అద్దాల మీదే ఉంటాయి. ఆ అద్దాలను పట్టి ఉంచిన చట్రాన్ని ఎవరు చూస్తారు? లండన్ సెయింట్ పాల్స్ కథెడ్రల్ ఆవరణలో ఒకచోట అద్దాలు పోయాయి, వాటి రాతి చట్రమూ పోయింది. అయినా ఆ కిటికీల గురించి పండితులు నేటికీ వాదించుకుంటున్నారు.

ఇప్పుడు మనం చూసే గుమ్మటపు చర్చి క్రిస్టఫర్ రెన్ కట్టినది. దానికి ముందున్న పాత దేవాలయానికి దక్షిణం పక్కన, 1332లో విలియం రామ్సే అనే మేస్త్రీ ఎనిమిది మూలల చాప్టర్ హౌస్ మొదలుపెట్టాడు. గురువులు కూడి కథెడ్రల్ వ్యవహారాలు తేల్చుకునే గది అది. దాని చుట్టూ రెండంతస్తుల నడవా ఉండేది.

అప్పట్లో ఇంగ్లండులో కిటికీ పైభాగపు రాతి అల్లికను తీగల్లా వంపులు తిప్పేవారు. రామ్సే నిలువు కమ్మీలను తిన్నగా పైకి తీసుకెళ్లి కమానుకు తాకించాడు. కిందికి కిటికీ గడప దాటించి గోడ మీదికీ దించాడు. కిటికీ, గోడ కలిసి ఒకే గళ్ల పనిలా కనబడేవి. తరవాత రెండు వందల ఏళ్లు ఇంగ్లండు చర్చిలను ఏలిన పర్పెండిక్యులర్ శైలికి ఇది తొలి రూపాల్లో ఒకటి. తొలిది ఇదేనా, అదే దశకంలో గ్లాస్టర్‌లో లేచిన కిటికీయా అన్నదే వాదన. నా మొగ్గు రామ్సే వైపు. 1336లో రాజు అతణ్ణి తన ప్రధాన మేస్త్రీగా పెట్టుకున్నాడు, ఊరికే కాదు కదా!

గ్లాస్టర్ కిటికీ నేటికీ నిలిచి ఉంది. లండన్‌వి 1666 సెప్టెంబరు అగ్నిప్రమాదంలో దెబ్బతిని పోయాయి. పైకప్పు సీసం కరిగి వీధుల్లో పారిందంటే ఆ వేడి ఎంతటిదో ఊహించండి. పాత రాళ్లలో చాలా వాటిని కొత్త గోడల మధ్య నింపుడుకు వాడేశారు.

అదృష్టవశాత్తు, ప్రమాదానికి ఎనిమిదేళ్ల ముందు, 1658లో డగ్డేల్ అచ్చువేసిన పుస్తకంలో హాలర్ చెక్కిన బొమ్మలున్నాయి. కానీ బొమ్మ గీసినవాడు పొరబడవచ్చు. రాయి సంగతి వేరు. ఆ కాలపు మేస్త్రీలు చెక్క అచ్చు పెట్టి రాతి అంచును కోసేవారు కాబట్టి, ఆ అంచు మలుపు చేతిరాత లాంటిది. జానెడు ముక్క దొరికినా మరో కట్టడంతో పోల్చి చూడవచ్చు.

చాప్టర్ హౌస్ గోడల అడుగు రాళ్లు కథెడ్రల్ దక్షిణపు తోటలో ఉన్నాయి. లండన్‌లో ఉన్న మనవాళ్లు గమనించగలరు: చర్చి లోపల చూడటానికి టికెట్టు ఉంది, ఈ రాళ్లకు లేదు.