మందుల చీటీ మీద పాలు, కూరగాయలు

అమెరికా వైద్యం అనగానే మనవాళ్ళ మాటలన్నీ ఇన్సూరెన్సు చుట్టూనే తిరుగుతాయి. నాకు మాత్రం మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బయూ అనే చిన్న ఊరి చరిత్ర ముఖ్యం అనిపిస్తుంది.

బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ళు 1887లో కట్టుకున్న ఊరది. 1960లకొచ్చేసరికి చుట్టుపక్కల పత్తి చేలల్లోకి యంత్రాలు దిగాయి, కూలీలకు పని పోయింది. గర్భిణులకు సరైన తిండి లేదు, చాలా ఇళ్ళకు మంచినీళ్ళు లేవు. ఇక పుట్టే పిల్లల సంగతి చెప్పేదేముంది?

జాక్ గైగర్ అనే డాక్టరు 1957లో, ఇంకా చదువుకుంటుండగానే, దక్షిణాఫ్రికా వెళ్ళి అక్కడ సిడ్నీ, ఎమిలీ కార్క్ దంపతుల పల్లె ఆరోగ్యకేంద్రంలో పని నేర్చుకున్నాడు. ఆ పద్ధతినే తన దేశానికి తెచ్చాడు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం అండతో, ప్రభుత్వ నిధులతో 1967లో మౌండ్ బయూలో ఆరోగ్యకేంద్రం తెరుచుకుంది. వాళ్ళు కాన్పులు చూడటంతో ఆగలేదు. బావులు తవ్వించారు, మరుగుదొడ్లు కట్టించారు. జాన్ హాచ్ ఊరివాళ్ళని కూడగట్టి సహకార వ్యవసాయం మొదలుపెట్టించాడు.

అసలు విశేషం మందుల చీటీలది. డాక్టర్లు వాటి మీద పాలు, కూరగాయలు, మాంసం అని రాసేవారు. కిరాణా కొట్లో సరుకులిచ్చి బిల్లు కేంద్రానికి పంపేవారు. ఆ డబ్బు ఫార్మసీ పద్దులోంచి పోయేది. ఇదేం పద్ధతని పైవాళ్ళు అడిగితే, పోషకాహార లోపానికి వైద్య పుస్తకాల్లో ఉన్న మందు తిండే కదా అన్నాడట గైగర్!

1972లో అమెరికా కాంగ్రెసు పేద గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు ఆహారమిచ్చే విక్ పథకానికి చట్టం చేసింది. మన అంగన్‌వాడీల పోషకాహారం లాంటిదే అనుకోండి.

మరి సమస్య తీరిందా? లేదు. 2022లో ప్రతి వెయ్యిమంది నల్లజాతి శిశువుల్లో దాదాపు 10.9 మంది ఏడాదిలోపే చనిపోయారు. తెల్లవాళ్ళలో 4.5. ఇదంతా జన్యువుల వల్లేనని తేల్చేసేవాళ్ళున్నారు. 1997లో డేవిడ్, కాలిన్స్ అనే డాక్టర్లు ఇలినాయ్ జననాల లెక్కలు తీశారు. ఆఫ్రికాలో పుట్టి అమెరికా వచ్చిన నల్లజాతి తల్లుల బిడ్డల బరువు, అమెరికాలోనే పుట్టిన నల్లజాతి తల్లుల బిడ్డలకన్నా తెల్లవాళ్ళ బిడ్డలకే దగ్గరగా ఉంది. అంటే తేడా రక్తంలో లేదు, అమెరికాలో వాళ్ళు బతికే బతుకులో ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఒకచోట ఉంటే ఇంకోచోట ప్యాచ్ వేసి చేతులు దులుపుకోం. ఇక్కడా అంతే. నెలనెలా పరీక్షలు కావాల్సిందే, కానీ ఆ తల్లి ఇంటికెళ్ళి ఏం తింటోంది, ఏ నీళ్ళు తాగుతోంది అన్నది కూడా వైద్యం లెక్కలోకే రావాలి. దాన్ని ఉచిత పంపకమని కొట్టిపారేసేవాళ్ళు మౌండ్ బయూ చరిత్ర ఒక్కసారి చదవాలి.