విప్పలేని నిశ్శబ్దం

మేముండే యూ టీ పేరుకు తియోచ్యూ భాషలో చమురు గుంట అని అర్థం. 1942–45లో జపాను సైన్యం ఇక్కడ చమురు నిలవ చేసిందంటారు. ఆ యుద్ధంలోనే అమెరికా గూఢచారులకు చప్పుడు లేని హైస్టాండర్డ్ .22 పిస్తోలు చేతికొచ్చింది.

1909లో హైరం పెర్సీ మాక్సిం పేటెంటు పొందిన సైలెన్సరు తుపాకీ మూతికి తగిలించేది. ఈ పిస్తోలుకు గొట్టానికే రంధ్రాలు వేసి, చుట్టూ తొడుగు కట్టేశారు. వాయువు అందులోకి జారి తూటా ధ్వని వేగం దాటదు. మామూలు తూటాలే సరిపోతాయి. కానీ మసి పట్టిందంటే శుభ్రం చేయడం కష్టం. రైఫిలుకైనా ఇదే లెక్క. విడిగా బిగించేదాన్ని ఊడదీసి కడుక్కోవచ్చు, కానీ నెమ్మది తూటాలు వెతుక్కోవాలి.

1960 మే 1న కూలిన యూ-2 పైలట్ గారీ పవర్స్ దగ్గర దొరికింది ఆ పిస్తోలే. మాస్కోలో దాన్ని ప్రదర్శనకు పెట్టారు. తగిలించిన సైలెన్సరైతే విప్పి పారేయవచ్చు. గొట్టంలో కలిసిపోయిన ఉద్దేశాన్ని ఎలా విప్పడం?