మోజెల్ కొండ మీద ద్రాక్ష రైతు గోడు

ఈ వారం ఎపిసోడ్‌లో జర్మనీ వాళ్ల రీస్లింగ్ వైన్ గురించి మాట్లాడుకున్నాం కదా. టైం చాలక వదిలేసిన చరిత్ర ఒకటి ఇక్కడ రాస్తున్నా. వైన్ ముట్టని వాళ్లు కూడా చదవండి. ఇది తాగుడు కంటే ఎక్కువగా పని గురించిన కథ.

రీస్లింగ్ అనేది ఒక తెల్ల ద్రాక్ష రకం. మైన్ నది ఒడ్డున రూసెల్స్‌హైమ్‌లో 1435లో రాసిన ఒక ప్రభువు గారి ఖర్చుల లెక్కలో, తీగలు కొన్న పద్దు కింద ఈ పేరు కనిపిస్తుంది. కానీ దీనికి ప్రపంచమంతా పేరు తెచ్చిన చోట్లలో ముందు చెప్పాల్సింది మోజెల్ నది లోయ. ద్రాక్ష పండటానికి నిజానికి అక్కడ చలి ఎక్కువ. కాపాడేది రాయి. చిన్నప్పుడు మనం బలపంతో రాసుకున్న పలక ఉంది చూడండి, ఆ జాతి రాయే. పగలు ఎండకి కాగి, రాత్రి ఆ వేడిని తీగలకి ఇస్తుంది. బ్రెమ్ ఊరి దగ్గర కాల్మోంట్ కొండ వాలు కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ ట్రాక్టర్ ఎక్కదు, మనిషే ఎక్కాలి.

1787లో ట్రియర్ పాలకుడైన ఆర్చ్‌బిషప్, నాసిరకం తీగలు పీకేసి మంచివి నాటమని హుకుం ఇచ్చాడు. 1815లో ఈ ప్రాంతం ప్రష్యా రాజ్యం చేతికి వచ్చింది. బయటి వైన్ మీద సుంకం ఉండటంతో మోజెల్ సరుకుకి మంచి ధర పలికింది. రైతులు తోటలు పెంచుకున్నారు. తర్వాత సుంకాల ఒప్పందాలు జరిగి, 1834లో జర్మన్ రాజ్యాల ఉమ్మడి సుంకాల సంఘం ఏర్పడింది. దక్షిణాది వైన్ వచ్చిపడింది, ధర కూలిపోయింది, పన్ను మాత్రం అలాగే ఉంది. అప్పులకి ఆస్తులు వేలానికి వెళ్లాయి. చాలామంది అమెరికా ఓడ ఎక్కారు. అంటే వాళ్లూ మనలాగే వలస వెళ్లినవాళ్లేనండీ.

ఆ ట్రియర్‌లోనే పుట్టిన కార్ల్ మార్క్స్‌కి అప్పుడు 24 ఏళ్లు, కొలోన్‌లో 'రైనిషె త్సైటుంగ్' పత్రిక ఎడిటర్. మోజెల్ రైతుల కష్టాల మీద పత్రికలో వచ్చిన వార్తలకి రుజువులేవని ఒక పెద్ద అధికారి నిలదీశాడు. 1843 జనవరిలో మార్క్స్ తనే జవాబు రాశాడు. ఆయన వాదన నా మాటల్లో చెప్తా: రైతు గోడు చెప్పుకుంటే, స్వార్థం కొద్దీ ఎక్కువ చేసి చెప్తున్నాడంటారు. విచారణ చేసేది కూడా ఆ అధికారులే కాబట్టి, తప్పు తమ పాలనలో ఉందని వాళ్లకి తోచదు. అందుకే ఇద్దరికీ మధ్య మూడో గొంతు కావాలి, అదే స్వేచ్ఛ ఉన్న పత్రిక. ఆ వసంతంలోనే ప్రభుత్వం ఆ పత్రికని మూయించింది. ఆర్థిక విషయాల వైపు తనని మొదట నెట్టిన వాటిలో ఈ మోజెల్ రైతుల గొడవ ఒకటని 1859లో మార్క్స్ స్వయంగా రాసుకున్నాడు.

క్యాంపులో నీళ్లు రావట్లేదనో, ఓవర్‌టైం డబ్బులు పడలేదనో చెప్పి "మరీ ఎక్కువ చేస్తున్నావ్" అనిపించుకున్న వాళ్లకి ఈ వాదన విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ వాలుల్లో కోత కాలానికి పోలండ్, రుమేనియా నుంచి కూలీలు వస్తారు. ఒకప్పుడు మనుషుల్ని పంపిన లోయ ఈరోజు బయటి మనుషుల మీద నడుస్తోంది.

ఇక తిండి సంగతి, చాలామంది అడిగారు. రీస్లింగ్‌లో పులుపు బాగా ఉంటుంది. అందుకే చేపకి కుదురుతుంది, వేపుడు మీద నిమ్మచెక్క పిండినట్టు. సీసా మీద 'ట్రోకెన్' అని ఉంటే తీపి దాదాపు ఉండదు. మోజెల్ 'కాబినెట్' రకంలో తరచుగా కాస్త తీపి ఉంటుంది, ఆల్కహాల్ 8, 9 శాతం దగ్గరే. ఘాటైన మందు కారాన్ని ఇంకా మండిస్తుంది, ఈ తీపి చల్లారుస్తుంది. మన కోడి వేపుడు పక్కన సరిపోయేది ఈ రకమే. మీరున్న దేశంలో చట్టం ఒప్పుకోకపోతే మాత్రం దాని జోలికి పోకండి, కథతో సరిపెట్టుకోండి.

ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.