భయం వేసినప్పుడు ఏం చెయ్యాలి? పైలట్ల శిక్షణ చరిత్ర



పైలట్ అంటే భయం తెలియని మనిషి అని మనలో చాలామంది అనుకుంటాం. వాళ్లకీ గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, మనసు ఒక్కదాని మీదే ఆగిపోయి మిగతావి కనిపించవు. ఆ స్థితికి ముందే సిద్ధం చెయ్యాలన్న ఆలోచన ఎన్నో ప్రాణాలు పోయాకే బలపడింది.

1978 డిసెంబరు 28. అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం దిగబోతోంది. చక్రాలు దించేటప్పుడు పెద్ద చప్పుడైంది. అవి సరిగ్గా దిగాయో లేదో తెలిపే లైటు వెలగలేదు. కెప్టెన్ ధ్యాసంతా దానిమీదే. సుమారు గంటసేపు ఆకాశంలోనే తిరిగారు. ఇంధనం తగ్గిపోతోందని పక్కనున్న కో-పైలట్‌కి, ఇంజనీరుకి తెలుసు. ఆ సంగతి ఎత్తారు కూడా, కానీ గట్టిగా చెప్పలేకపోయారు. ఎంతైనా ఆయన పెద్దాయన కదా! చివరికి ఇంధనం అయిపోయి విమానం ఊరి శివారులో కూలింది. ఉన్నది 189 మంది, పోయింది 10 మంది.

విచారణ జరిపిన ఎన్‌టీఎస్‌బీ సంస్థ 1979లో రెండు మాటలు చెప్పింది. కెప్టెన్ అందరి మాటా వినడం నేర్చుకోవాలి. కిందివాళ్లు గట్టిగా చెప్పడం నేర్చుకోవాలి. అదే ఏడాది నాసా ఈ విషయం మీద సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ కంపెనీయే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ మొదలుపెట్టింది. సిమ్యులేటర్‌లో ఇంజన్ ఆగిపోయినట్టు, పొగ వచ్చినట్టు కల్పించి, మళ్లీ మళ్లీ సాధన చేయిస్తారు. ముందు విమానాన్ని అదుపులో ఉంచు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాత కింద ఉన్నవాళ్లతో మాట్లాడు. ఈ వరుస ఒంటికి పట్టేదాకా వదలరు.

ఫలితం 1989 జులై 19న కనిపించింది. యునైటెడ్ 232 విమానానికి తోక ఇంజన్ పగిలి, మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. అలాంటి ఆపదకి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ అందరి సలహా తీసుకున్నాడు. ప్రయాణికుడిగా వచ్చిన శిక్షకుడు డెన్నీ ఫిచ్‌నీ లోపలికి రానిచ్చి, ఇంజన్ల వేగం సరిచేసే పని అప్పజెప్పాడు. సూ సిటీలో నేలకి తాకినప్పుడు విమానం ముక్కలైంది, 112 మంది పోయారు. అయినా 184 మంది బతికారు. దానికి ఈ శిక్షణే కారణమని హేన్స్ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు.

ఇది మనకెందుకు అంటారా? మన హాస్టళ్లలో తోటి పిల్లకి జ్వరం తగ్గకపోతే, వార్డెన్ సారుకి ఎవరు చెప్పాలని ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. ఒకసారి చెప్పి, ఆయన వినకపోతే ఊరుకుంటాం. పెద్దవాళ్లంటే గౌరవం మన పద్ధతే, దాన్ని వదలక్కర్లేదు. పోర్ట్‌లాండ్‌లో వాళ్లు కూడా గౌరవంతోనే ఆగిపోయారు. గౌరవంగానే రెండోసారి, మూడోసారి చెప్పడం కూడా నేర్చుకునే పనే అని ఈ చరిత్ర చెబుతోంది. మన గ్రూపు మీటింగుల్లో చిన్న తరగతుల తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు మాట్లాడేలా చూద్దాం. అక్కణ్ణించే మొదలుపెడదాం.