సాగర్ గట్టున ఒక పాత రాలీ

నాగార్జునసాగర్ హిల్ కాలనీలో, ఒక పాత క్వార్టరు వెనుక, నీళ్ళ తొట్టికీ ప్రహరీ గోడకీ నడుమ ఆ సైకిలు ఆనించి ఉంది. రెండు టైర్లూ నేలకు అంటుకుపోయాయి. సీటు తోలు ఎండి, నెర్రెలు విచ్చిన మాగాణిలా ఉంది. హ్యాండిలు మీద బ్రేకు రాడ్లు మాత్రం చెక్కుచెదరలేదు. "మా తాతది సార్. డ్యాం కట్టేటప్పుడు కొన్నడంట. అసలు లండన్ రాలీ," అన్నాడు ఆ ఇంటి కుర్రవాడు. ఇనుప సామాను వాడు తొమ్మిది వందలిస్తానన్నాడట. నేను మూడువేల ఐదు వందలిచ్చి, ఆటోలో వేసుకుని మిర్యాలగూడకు తెచ్చుకున్నాను.

రాలీ అన్న మాటకు మన పెద్దవాళ్ళ నోట ఒక ప్రత్యేకమైన రుచి ఉండేది. అల్లుడికి చేతి వాచీ, రేడియో, రాలీ సైకిలు పెట్టామని చెప్పుకోవడంలో ఆ కాలపు మధ్యతరగతి గౌరవమంతా ఉండేది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పట్టణంలో రాలీ వీధి అనే ఒక వీధి పేరు మీద 1880లలో మొదలైన కంపెనీ అది. ఫ్రాంక్ బౌడెన్ అనే ఆయన దాన్ని పెద్దది చేశాడు. పొడవాటి ముక్కున్న కొంగ తల దాని ముద్ర. పెడల్ దగ్గరి పళ్ళ చక్రంలో కూడా అవే కొంగ తలలు కత్తిరించి ఉంటాయి. మా ఇంట్లో పిల్లలకు అందని ఎత్తులో ఉండిన ఆ సీటు ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. అందుకే బేరం ఎక్కువగా ఆడలేదు.

పడమటి దేశాలలో పాత ఉక్కు సైకిళ్ళను కొని బాగుచేసుకునేవారు చాలామంది ఉన్నారు. వారు వెతికేవి ఎక్కువగా పందెపు సైకిళ్ళు. తొక్కేవాడి కాలు, చేయి, నడుము కొలతలు తీసుకుని, దర్జీ చొక్కా కుట్టినట్టు ఒక్కొక్క చట్రాన్నీ విడిగా చేసి ఇచ్చేవారు. వాటిలో పేరుమోసిన గొట్టం 1935లో వచ్చిన రేనాల్డ్స్ 531. అది మాంగనీసు, మాలిబ్డినం కలిసిన ఉక్కు. గొట్టం చివర్లు మందంగా, నడిమి భాగం పలుచగా ఉంటుంది. మనకు అటువంటి విలాసం లేదు. మనకు దొరికింది 28 అంగుళాల చక్రాలు, ఇరవై కిలోల బరువు, అందరికీ ఒకే నల్ల రంగు. కొలతల ముచ్చట మనకు సైకిలు కొన్న తరువాతనే మొదలవుతుంది. బియ్యం బస్తాకు క్యారియర్ వెడల్పు చేయించడం, పిల్లవాడికి ముందు బారు మీద చిన్న సీటు బిగించడం, పాల క్యాన్లకు కొక్కాలు అతికించడం. అలా కొంతకాలానికి ఏ రెండు సైకిళ్ళూ ఒకలా ఉండవు.

ఇది సాధ్యమైంది ఉక్కు వల్లనే. పాత చట్రాలలో గొట్టాలను లగ్గు అనే తొడుగులో దూర్చి, ఎర్రగా కాచి, సందులోకి ఇత్తడి కరిగించి పారించేవారు. అటువంటి అతుకు ఊడితే ఊళ్ళో గ్యాస్ వెల్డింగు చేసేవాడే మళ్ళీ కాచి అతకగలడు. వంగిన గొట్టాన్ని సరిచేయవచ్చు. అరవై ఏళ్ళ తరువాత కూడా బాగుచేసే ప్రశ్న పుట్టిందంటే కారణం ఆ లోహం క్షమాగుణమే.

సరే, అసలు విషయానికి వస్తాను. మిర్యాలగూడలో నలభై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్న ఒక చాచా దగ్గరకు దాన్ని తీసుకుపోయాను. ఒకప్పుడు ఆయనకు అద్దె సైకిళ్ళ దుకాణం ఉండేది. గంటకు ఇంత అని పలక మీద రాసి ఇచ్చేవారట. ఆయన సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, నా ముఖం చూసి, "కొత్తగ చేయాల్నా సారూ, నడిచేటట్టు చేయాల్నా?" అని అడిగాడు. రెండూ ఒకటే కదా అనుకున్నాను అప్పుడు.

ఓవరాయిలింగు మొదలైంది. పెడల్ కాడలను ఇరుసుకు బిగించి ఉంచే కాటర్ పిన్నులు రెండు రోజులు డీజిలులో నానితే గాని కదలలేదు. ఇరుసు గిన్నెల్లో ఒక్కొక్క వైపు పదకొండు గుండ్లు ఉండాలి. ఒక వైపు తొమ్మిదే ఉన్నాయి. ఒక గిన్నె అరిగిపోయింది. బజారులో తెచ్చిన కొత్త గిన్నె ఎక్కలేదు. రాలీ వారిది సొంత మర, అంగుళానికి 26 చుట్లు. మిగిలిన కంపెనీలవి 24. చాచా తన పాత డబ్బాలన్నీ బోర్లించి ఒకటి వెతికి పట్టాడు. ఆ తరువాత చక్రాల ఊచలు లెక్కపెట్టాడు. ఈ కాలపు బండికి ముందు 32, వెనుక 40 ఉండాలి. వెనుక సరిగ్గానే ఉన్నాయి. ముందు 36 తేలాయి. ఆ చక్రం మరో బండిది. వెనుక హబ్బు మీద లూధియానా ముద్ర. చైను కవరు ఇంకో కంపెనీది. ముందు గొట్టం మీది బిళ్ళకు పట్టిన రంగును గుడ్డతో రుద్దితే, కొంగ తల కింద సన్నని అక్షరాల్లో సేన్-రాలీ అని కనిపించింది. "గిది ఒక్క సైకిల్ కాదు సారూ, నాలుగు సైకిళ్ళు," అని నవ్వాడు చాచా. నేను నవ్వలేకపోయాను. నా లండన్ రాలీ పశ్చిమ బెంగాలులో పుట్టింది.

ఆ రాత్రి చిన్నబుచ్చుకున్న మాట నిజం. తరువాత ఆలోచించగా, ఆ చట్రం మీద మన పరిశ్రమ చరిత్ర అంతా అతికి ఉందనిపించింది. స్వాతంత్ర్యానికి ముందు మన దేశానికి సైకిళ్ళు ప్రధానంగా బ్రిటన్ నుంచి ఓడల్లో వచ్చేవి. తరువాత దిగుమతులకు కళ్ళెం పడింది. బ్రిటిష్ కంపెనీలు ఇక్కడివారితో చేయి కలిపాయి. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ స్థాపన జరిగింది. అంబత్తూరు నుంచి హెర్క్యులిస్ సైకిళ్ళు వచ్చాయి. 1950ల ఆరంభంలో ఆసన్‌సోల్ దగ్గర కన్యాపూర్‌లో సేన్-రాలీ వచ్చింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. 1950-51లో దేశంలో తయారైనవి సుమారు లక్ష సైకిళ్ళయితే, 1960-61 నాటికి అవి సుమారు పది లక్షలయ్యాయి. ఒక్క దశాబ్దంలో పది రెట్లు! విదేశీ వస్తువు కావడం మానేసి సైకిలు గుమాస్తాకూ, బడిపంతులుకూ అందింది ఆ పదేళ్ళలోనే. 1952లో రాజ్యసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళడం మనవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

సాగర్ ఆనకట్ట కూడా ఆ దశాబ్దపు బిడ్డే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఈ నడుమ పన్నెండేళ్ళూ అక్కడ పని ప్రధానంగా మనుషుల నెత్తుల మీదా భుజాల మీదా నడిచింది. నది నుంచి 124 మీటర్ల పైచిలుకు లేచిన ఆ రాతి కట్టడానికి వేలాది కూలీలు పరంజాల మీదుగా రాయీ సున్నమూ సిమెంటూ మోశారు. వారి కోసం, ఉద్యోగుల కోసం పైలాన్ కాలనీ, హిల్ కాలనీ, కుడిగట్టున విజయపురి సౌత్ వెలిశాయి. పైలాన్ నుంచి హిల్ కాలనీకి ఎక్కుడు దారి. ఇరవై కిలోల బండిని ఆ ఎక్కుడులో తొక్కడం ఎవరి తరమూ కాదు, దిగి నెట్టుకుపోవలసిందే. నీరు వచ్చాక ఎడమ కాలువ గట్ల మీద లస్కర్లు సైకిళ్ళ మీద తిరిగారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మళ్ళయ్యాయి. మిర్యాలగూడలో రైసు మిల్లులు వరుసగా లేచాయి. నా బండి వెనుక క్యారియర్‌కు రెండు పక్కలా ఇనుప పట్టీలు వేసి వెడల్పు చేసి ఉండడం చూస్తే, అది కూడా ఆఫీసు ఉద్యోగం నుంచి విరమించుకుని కొన్నాళ్ళు ధాన్యం మోసిందని తెలుస్తూనే ఉంది.

ఇక నేను చేసిన పాపం చెప్పుకోవాలి. చైను కవరు మీద నాలుగు పొరల నల్ల రంగు ఉంది. చాచా తొందరపడవద్దన్నాడు. నేను వినలేదు. ఆదివారం పూట ఇంట్లో కూర్చుని, రంగు ఊడగొట్టే మందు పూసి, ఇనుప పీచుతో బలంగా రుద్దాను. మూడో పొర పోతుండగా తెల్లటి గీతలు కనిపించాయి. గీతలనుకుని ఇంకా రుద్దాను. అవి గీతలు కావు, కుంచెతో రాసిన తెలుగు అక్షరాలు. చేయి ఆపేసరికి చివరి రెండే మిగిలాయి: పురి. ముందు ఏముందో నా చేతి పీచులో కలిసిపోయింది. విజయపురి కావచ్చు. మనిషి పేరు, ఉద్యోగం, నంబరు, ఇంకేమైనా ఉండి ఉండవచ్చు. ఆ సైకిలు తన గురించి తాను చెప్పగలిగిన ఒక్క వాక్యాన్ని నేనే తుడిచేశాను. రాసినవారు లేరు. మనవడిని ఫోనులో అడిగితే, "మాకు తెల్వది సార్, మేం పుట్టినప్పటి నుంచి నల్లగనే ఉండె," అన్నాడు.

ఆ మరుసటి వారం లాంచి ఎక్కి నాగార్జునకొండకు వెళ్ళాను. చిన్నప్పటి నుంచి చూస్తున్న చోటే, కాని అప్పటిదాకా దాన్ని బాగుచేసిన వస్తువుగా చూడలేదు. విజయపురి అన్న పేరు కాలనీలకు ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. మూడవ, నాలుగవ శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని అది. దాని శిథిలాలను 1926లో ఎ. ఆర్. సరస్వతి గుర్తించారు. తరువాత లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. ఆనకట్ట నిర్ణయం కావడంతో లోయ మునిగిపోతుందని తేలింది. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. వారి ముందున్న ప్రశ్న చాచా నన్నడిగినదే, కాకపోతే కొన్ని వేల రెట్లు పెద్దది. అన్నిటినీ తరలించడం అసాధ్యం. తవ్వారు, కొలిచారు, పటాలు గీశారు, ఫొటోలు తీశారు. కొన్ని కట్టడాలను విడదీసి కొండ మీదకు చేర్చి మళ్ళీ కట్టారు. స్నానఘట్టం రాళ్ళు అలాగే పైకి వచ్చాయి. రంగస్థలి అనుపులో తిరిగి లేచింది. తరలించలేని కొన్నిటికి చిన్న నమూనాలు చేసి పెట్టారు. కొండ మీద మ్యూజియం 1966లో తెరిచారు.

ఆ మెట్ల మీద కూర్చుని నేను గ్రహించింది ఒకటే. వారు నీటిని ఆపలేదు, ఆపమని అడగనూ లేదు. లోయలోని ఊళ్ళు మునిగాయి, అక్కడి మనుషులు ఇళ్ళు వదిలి పోయారు, ఆ నష్టం ఏ మ్యూజియమూ తీర్చలేనిది. కాని ఆ శిథిలాల వరకైనా, పోయేదాన్ని పోకముందు చదివి రాసుకున్నారు. నా చైను కవరును ముంచడానికి ఏ ఆనకట్టా లేదు, ఏ గడువూ లేదు. ఉన్నది నా తొందర ఒక్కటే. నాటింగ్‌హామ్‌లో 1955లో బయటికి వచ్చినట్టు తళతళలాడాలన్న కోరికతో, అసలు ఎన్నడూ లేని ఒక సైకిలును తయారుచేయబోయి, ఉన్న సైకిలును చెరిపేశాను.

తిరిగివచ్చి చాచాకు, "నడిచేటట్టు చేయి," అని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. లూధియానా హబ్బు అలాగే ఉంచాం. 36 ఊచల చక్రానికి బెండు తీయించి మళ్ళీ ఎక్కించాం. ధాన్యం మోసిన క్యారియర్ తీయలేదు. మార్చినవి టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, చైను, గుండ్లు, ఆ ఒక్క గిన్నె. ప్రతి భాగాన్నీ ఊడదీసే ముందు ఫొటో తీసి, ఒక నోటు పుస్తకంలో ఏది ఎక్కడిదో, ఏది నేను మార్చానో తేదీతో రాశాను. ముందు ఇరుసుకు తీగతో కట్టి ఉన్న ఒక తుప్పు బిళ్ళ, అక్షరాలు అరిగి అంకెలు మాత్రమే మిగిలిన పాత సైకిలు పన్ను బిళ్ళ, దాన్ని కడగకుండానే మళ్ళీ అక్కడే కట్టాను. చైను కవరు మీద మిగిలిన రెండక్షరాలకు పలుచగా మైనం పూశాను.

సేన్-రాలీని 1980లో జాతీయం చేశారు, పేరు మారింది, చివరకు మూతపడింది. నాటింగ్‌హామ్‌లో సైకిళ్ళ తయారీ 2000ల ఆరంభంలో ఆగిపోయింది. అట్లాస్ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినాన, మూతపడింది. కంపెనీల కాగితాలు ఎక్కడున్నాయో గాని, చరిత్ర మాత్రం మన ఇళ్ళ వెనుక, నీళ్ళ తొట్ల పక్కన ఆని ఉంది.

మొన్న పైలాన్ నుంచి హిల్ కాలనీకి దాన్ని తీసుకువెళ్ళాను. సగం దారి తొక్కి, మిగతా సగం అందరిలాగే నెట్టుకుంటూ వెళ్ళి, ఆ కుర్రవాడి ఇంటి ముందు స్టాండు వేశాను. అతను కిందకు వంగి చైను కవరు మీద వేలు పెట్టి, "పురి," అని పైకి చదివాడు. మీ ఇళ్ళలోనూ ఇటువంటి బండి ఒకటి ఉండే ఉంటుంది. గుడ్డ చేతికి తీసుకునే ముందు ఒక కాగితం తీసుకోండి.